రాత్రి తోడు ఎవరున్నారు?: మాల్దీవుల్లో ఒక టీచరు ఫ్లూ కేసు

2017 మార్చిలో మాల్దీవుల్లో హెచ్1ఎన్1 ఫ్లూ ఉధృతంగా వచ్చింది. రాజధాని మాలేలో కొద్దిరోజులు బడులు మూశారు. ఆ నెలలో రావలసిన సౌదీ రాజు సల్మాన్ పర్యటన కూడా వాయిదా పడింది. అప్పుడు నేను మాలేకి చాలా దూరంలో, వెయ్యి మంది కూడా లేని ఒక దీవిలో హెల్త్ సెంటర్ డాక్టర్ని. ఆ చివర నుంచి ఈ చివరకు నడిస్తే పావుగంట.

ఆ సీజన్‌లో చూసిన ఫ్లూ రోగుల్లో ఈ ఒక్క కేసే రాయడానికి కారణం ఉంది. ఇందులో మందు సరైనదే ఇచ్చాను, మోతాదూ సరైనదే. అయినా రోగి ప్రాణం మీదకు వచ్చింది. ఎక్కడ తప్పిందో నాకు నేను చెప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

రోగి

38 ఏళ్ల మహిళ, మన తెలుగావిడ. దీవిలోని ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు, కాంట్రాక్టు మీద రెండో ఏడాది. భర్త, ఏడో తరగతి చదివే కొడుకు ఆంధ్రాలో ఉన్నారు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. పెద్దయ్యాక దుమ్ము పడితేనో, జలుబు చేస్తేనో పిల్లికూతలు వచ్చేవి. ఇన్‌హేలర్ అయిపోయి ఏడాది దాటింది. ఉద్యోగానికి ముందు జరిగిన వైద్య పరీక్షలో ఉబ్బసం మాట ఆమె ఎత్తలేదు. చెబితే ఉద్యోగం రాదేమోనని భయం.

ఆ దేశం తెలియనివారికి నాలుగు మాటలు. మాల్దీవుల బడుల్లో ధివేహీ భాష, ఇస్లాం తప్ప మిగతావన్నీ ఇంగ్లీషులోనే చెబుతారు. అందుకే దూరపు దీవుల్లో సైన్సు, లెక్కలు చెప్పేవారిలో మన దేశం వాళ్లు చాలామంది కనిపిస్తారు. కేరళ, తమిళనాడు వాళ్లు ఎక్కువ, మనవాళ్లూ ఉన్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుని తలా ఒక గదిలో ఉంటారు. హెల్త్ సెంటర్లలో డాక్టర్లూ చాలావరకు బయటివాళ్లే. 2012లో వచ్చిన ఆసంధ అనే ఆరోగ్య బీమా ఆ దేశ పౌరులకే వర్తిస్తుంది. మనలాంటివాళ్లకు విడిగా బీమా ఉండాలి. ఈమె దగ్గర బీమా కార్డు ఉంది. అది దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో మరో ఇద్దరు టీచర్లు, ఒకరిది కేరళ, ఒకరిది తమిళనాడు. ముగ్గురూ వంట కలిపి చేసుకునేవారు. మంచి స్నేహమే.

ఆదివారం నుంచి బుధవారం దాకా

అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం బడి ఉంటుంది. ఆ ఆదివారం సాయంత్రం ఆమెకు వణుకుతో జ్వరం, ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. సోమవారం పొద్దున ఒక పారాసిటమాల్ వేసుకుని బడికి వెళ్లింది. ఇంటర్వెల్‌లో ఇంకొకటి. మంగళవారమూ అంతే. బుధవారం పొద్దున లేవలేక హెల్త్ సెంటర్‌కు వచ్చింది. అప్పటికి జ్వరం వచ్చి సుమారు 60 గంటలు.

ఫ్లూకి ఇచ్చే ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది. ఆ గడువు బడిలోనే గడిచిపోయింది. ఎందుకు ఆగారని తర్వాత అడిగితే ఆమె చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తు. "కాంట్రాక్టు మళ్లీ ఇస్తారో లేదో తెలీదు డాక్టర్‌గారూ. మొన్న ఒకాయన, బయటి దేశం వాళ్లు సెలవుల విషయంలో జాగ్రత్తగా ఉండాలమ్మా అన్నారు. మావాడి ఫీజు కట్టాల్సిన నెల ఇది."

మాల్దీవుల ఉద్యోగ చట్టం ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన అనారోగ్య సెలవు ఇస్తుంది. ఆమె కాంట్రాక్టు కాగితం పెట్టె అడుగున మడత విప్పకుండా ఉంది. సంతకం పెట్టిన రోజు తర్వాత దాన్ని తీసి చూసింది లేదు. ఆమెను తప్పుపట్టను. నా కాంట్రాక్టూ నేను పూర్తిగా చదివింది ఈ కేసు తర్వాతే.

బుధవారం ఓపీ

ఆ పూట బయట బెంచీల నిండా జనం. ధివేహీలో ఫ్లూను 'రోగా' అంటారు. ఉదయం నుంచి ప్రతి తల్లీ పిల్లవాడిని చూపించి ఆ మాటే అంటోంది. మన 'రోగం' లాగే వినిపించి మొదట్లో ఉలిక్కిపడేవాణ్ని.

టీచరు వివరాలు: జ్వరం 39.1 డిగ్రీల సెల్సియస్, నాడి 112, ఊపిరి నిమిషానికి 24, ఆక్సిజన్ 95 శాతం, బీపీ 110/70. రెండు ఊపిరితిత్తుల్లోనూ అక్కడక్కడా పిల్లికూతలు. ముక్కులో పుల్ల పెట్టి చేసే ర్యాపిడ్ పరీక్షలో ఫ్లూ లేదని వచ్చింది.

ఆ పరీక్షను నేను నమ్మలేదు. హెచ్1ఎన్1 విషయంలో ర్యాపిడ్ పరీక్ష ఉందంటే దాదాపు ఉన్నట్టే, లేదంటే మాత్రం లేనట్టు కాదు. అసలు ఫ్లూ ఉన్నవాళ్లలో చాలామందిని అది వదిలేస్తుంది. ఊళ్లో ఫ్లూ తిరుగుతున్నప్పుడు, ఉబ్బసం ఉన్న మనిషి జ్వరం, దగ్గులతో వస్తే ఫలితం కోసం ఆగకూడదు. 48 గంటలు దాటినా ఇలాంటివారికి మందు మొదలుపెట్టాల్సిందే. నా దగ్గర ఉన్నవి మూడే స్ట్రిప్పులు, ఒక్కోదానిలో పది గుళికలు. 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఐదు రోజులంటే ఒక్కో స్ట్రిప్పూ ఒక్కో మనిషికి సరిపోతుంది. ఒకటి ఆమెకిచ్చాను. మిగతా రెండూ దీవిలో ఉన్న గర్భిణుల కోసం పక్కన పెట్టాను. ఊపిరి గొట్టాలు తెరిచే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ రాశాను. మరో నమూనా తీసి, ఐస్ డబ్బాలో పెట్టి, ర్యాపిడ్ కన్నా కచ్చితమైన పీసీఆర్ పరీక్ష కోసం మాలేకి పంపాను. ఊపిరి ఆడకపోయినా, పెదవులు నీలం తిరిగినా, మగతగా ఉన్నా వెంటనే రమ్మని ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం చేతికిచ్చాను.

ఇదంతా సుమారు నాలుగు నిమిషాల పని. పక్కన మాల్దీవుల నర్సు ఉంది కాబట్టి మాట్లాడింది ఇంగ్లీషులోనే. ఎలా ఉందంటే ఆమె "అయామ్ ఓకే డాక్టర్" అంది. టీచర్లు ఇంగ్లీషులో ఎప్పుడూ ఓకేగానే ఉంటారు.

నేను అడగని ప్రశ్న ఒకటుంది: "రాత్రి మీ దగ్గర ఎవరు ఉంటారమ్మా?" అడిగి ఉంటే, ఇంట్లోవాళ్లు ఎవరూ ఉండరని ఆ క్షణమే తెలిసేది. కేరళ టీచరు భయపడి, అప్పటికే బట్టలు సర్దుకుని మరో ఇంటికి వెళ్లిపోయింది. తమిళనాడు టీచరు గది తలుపు వేసుకుని ఉంది. వంట ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం నుంచి మర్నాటి దాకా ఈమె తిన్నది నాలుగు బిస్కెట్లు. ఇంటి యజమానురాలు గరుధియ, అంటే చేప నీళ్ల చారు, గిన్నెతో తెచ్చి గుమ్మంలో పెట్టింది. ప్రేమగానే తెచ్చింది. ఈవిడ శాకాహారి.

గురువారం రాత్రి

రాత్రి పదకొండున్నరకు హెల్త్ సెంటర్ ఫోన్ మోగింది. అవతల తెలుగు గొంతు, ఆంధ్రా నుంచి ఆమె భర్త. మరో అటోల్‌లో, అంటే ఇంకో దీవుల గుంపులో, పనిచేసే తెలుగు టీచరు ద్వారా మా నంబరు సంపాదించాడు. "సార్, మా ఆవిడ మాటల మధ్యలో ఆగిపోతోంది. వాక్యం పూర్తి చెయ్యట్లేదు. నిద్ర వస్తోంది అంటోంది. ఒక్కసారి వెళ్లి చూస్తారా సార్?"

ఒకే ఊపిరిలో వాక్యం పూర్తి చెయ్యలేకపోవడం ఉబ్బసం తీవ్రతకు మేము వాడే గుర్తుల్లో ఒకటి. వైద్యం తెలియని మనిషి, సముద్రం అవతల నుంచి, దాన్ని ఫోన్లో పట్టుకున్నాడు. ఇల్లు మాకు మూడు వందల మీటర్ల దూరం. నర్సు, నేను నడిచే వెళ్లాం. గది లోపల గడియ వేసి ఉంది. యజమానురాలి కొడుకు కిటికీలోంచి చెయ్యిపెట్టి గడియ తీశాడు.

ఆక్సిజన్ 88. ఊపిరి 36. నాడి 128. కుడివైపు కింద గాలి చప్పుడు తగ్గి, కరకర వినిపిస్తోంది. ఈసారి తెలుగులో పలకరించాను. "అమ్మా, ఎలా ఉంది?" కళ్లు తెరిచి, "ఊపిరి అందట్లేదండీ... నిన్నట్నుంచే అందట్లేదు" అంది. నిన్నట్నుంచే. అంటే నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా.

స్ట్రెచర్ మీద హెల్త్ సెంటర్‌కు తెచ్చి ఆక్సిజన్ పెట్టాం. సాల్బుటమాల్ నెబ్యులైజర్‌తో కాకుండా, ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ అనే గొట్టంతో ఇచ్చాను. నెబ్యులైజర్ ఆవిరితో ఆ చిన్న గదిలో అందరికీ వైరస్ పంచిపెట్టినట్టవుతుందని నా భయం. ఫ్లూ మీద బాక్టీరియా న్యుమోనియా తోడైందన్న అనుమానంతో సెఫ్ట్రియాక్సోన్ సూది, అజిత్రోమైసిన్ అనే రెండు యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టాను. స్టెరాయిడ్ దగ్గర మాత్రం పది నిమిషాలు తటపటాయించాను. ఫ్లూ న్యుమోనియాలో స్టెరాయిడ్ ఇస్తే కీడు జరిగే అవకాశం ఎక్కువని అనుభవజ్ఞులంతా హెచ్చరిస్తారు. ఉబ్బసం బిగిసినప్పుడు ఇవ్వకపోతే మనిషి దక్కకపోవచ్చు. ఆ రాత్రి నా కళ్లెదుట బిగిసి ఉన్నది ఉబ్బసం. ప్రెడ్నిసోలోన్ 40 మిల్లీగ్రాములు మింగించాను. ఇప్పటికీ అదే చేస్తాను.

బోటులో

మా దగ్గర ఎక్స్‌రే లేదు, వెంటిలేటర్ మాటే లేదు. అటోల్ ఆసుపత్రికి స్పీడ్‌బోట్‌లో గంటంపావు. మార్చిలో సముద్రం శాంతంగా ఉంటుంది, అది అదృష్టం. జూన్‌లో అయితే ఆ రాత్రి బయల్దేరే ధైర్యం చేసేవాణ్ని కాదేమో.

దూరపు ఊళ్లలో పనిచేసే డాక్టర్లకూ నర్సులకూ పనికొస్తుందని ఒక లెక్క ఇక్కడ రాస్తున్నాను. మా చిన్న సిలిండర్ పది లీటర్లది. గేజి 60 బార్ ఒత్తిడి చూపిస్తోంది. పదిని అరవైతో గుణిస్తే సుమారు 600 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి 6 లీటర్లు పెడితే 100 నిమిషాలు. ప్రయాణం 75 నిమిషాలే కదా, సరిపోతుందనిపిస్తుంది. జెట్టీకి మొయ్యడం, బోటులో సర్దడం, అవతల దించి ఆసుపత్రికి చేర్చడం కలిపితే చాలదు. నిండు సిలిండర్ ఇంకొకటి వేసుకున్నాం. దారిలో మొదటిది అయిపోయింది. ఆ రెండో సిలిండర్ ఒడ్డునే ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా మనసొప్పదు.

బోటులో స్టెతస్కోప్ పనికిరాదు, ఇంజిన్ మోత తప్ప ఏమీ వినపడదు. ఆక్సిమీటర్ అంకె కూడా కుదుపుకి ఎగిరెగిరి పడుతుంది. ఆమె చెయ్యి నా ఒడిలో కదలకుండా పట్టుకుంటేనే అంకె నిలిచింది. 92, 93. ఛాతీ లేవడం చూస్తూ ఊపిరి లెక్కపెట్టడమొక్కటే నమ్మకంగా చెయ్యగలిగిన పని.

బయల్దేరేముందు డబ్బు గొడవ కూడా జరిగింది. బోటు ఖర్చు బీమాదా, బడిదా, ఆమెదా అన్నది ఎవరూ తేల్చలేదు. దీవి పెద్ద ఒకాయన జెట్టీ దగ్గర నిలబడి, "ముందు బోటు కదలనీ, లెక్కలు పొద్దున" అన్నాడు. ఆయన్ను ఈ కథనంలో మరిచిపోతే నాకు పాపం.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా. వెంటిలేటర్ అవసరం రాలేదు. మూడో రోజుకి ఆక్సిజన్ తీసేశారు, ఆరో రోజు పంపించారు. ఆలోగా మాలే నుంచి పీసీఆర్ ఫలితం వచ్చింది: హెచ్1ఎన్1, పాజిటివ్.

బడి రిజిస్టరు

ఆమె ఆసుపత్రిలో ఉండగానే దీవిలో మాట పుట్టింది: జబ్బు తెచ్చింది విదేశీ టీచరేనని. ఫ్లూలో ఇది కొత్త కాదు. 2009 మేలో సియోల్‌లో శిక్షణకు వచ్చిన విదేశీ ఇంగ్లీషు టీచర్ల బృందంలో ఇదే వైరస్ బయటపడింది. ఎక్కడైనా బయటినుంచి వచ్చిన మనిషి మీదకు చూపు ముందు వెళ్తుంది. టీచరు మీదకైతే మరీను, రోజూ వందమంది పిల్లల మధ్య ఉండే మనిషి కాబట్టి.

ప్రిన్సిపాల్‌ను అడిగి హాజరు రిజిస్టరు తెప్పించుకున్నాను. ఫ్లూ అంటిన రోజు నుంచి జ్వరం రావడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది, ఎక్కువమందిలో రెండు. ఒక కాగితం మీద వారాలు గీసి, ఎవరు ఎప్పుడు రాలేదో గుర్తులు పెట్టాను. ఆమె క్లాసులో ఒక అబ్బాయి మంగళవారం నుంచి రాలేదు. అంతకు ముందు సెలవుల్లో ఆ కుటుంబం మాలే వెళ్లి వచ్చింది. గురువారం అదే క్లాసులో ముగ్గురు పిల్లలు లేరు. టీచరుకు జ్వరం వచ్చింది ఆ తర్వాతి ఆదివారం. ఆమె జనవరి నుంచి దీవి దాటింది లేదు. పిల్లల నుంచే ఆమెకు వచ్చింది.

రిజిస్టరు ఇంకో మాట కూడా చెప్పింది. ఆమె జ్వరంతో పాఠం చెప్పిన రెండు రోజుల తర్వాత, ఆమె వెళ్లిన క్లాసుల్లో ఐదుగురు మంచం పట్టారు. వాళ్లకు ఆమె నుంచే వచ్చిందని నిరూపించలేను, రాలేదనీ అనలేను. ప్రిన్సిపాల్‌కు రెండు విషయాలూ చెప్పాను. "సెలవు పెడితే ఉద్యోగం పోతుందన్న భయం మీ టీచర్లలో ఉన్నంతకాలం, జ్వరం మాత్ర వేసుకుని మీ పిల్లల ముందు నిలబడతారు" అని చెప్పాను. ఆయన చాలాసేపు ఆ కాగితమే చూశాడు. ఆ వారమే స్టాఫ్ రూమ్ గోడకు అనారోగ్య సెలవు నిబంధన ఇంగ్లీషులో, పెద్ద అక్షరాల్లో అంటించారు.

పిల్లలతో మాట్లాడమని పిలిస్తే వెళ్లాను. ఆరో తరగతి పిల్ల ఒకతి లేచి, "మా దీవిలో పందే లేదు కదా, పంది జ్వరం ఎలా వచ్చింది?" అంది. హెచ్1ఎన్1కు జనంలో ఉన్న పేరు అది. మంచి ప్రశ్న. వైరస్ పుట్టుకలో పందుల వంతు ఉన్నా, 2009 నుంచి అది మనిషి నుంచి మనిషికి దగ్గు, తుమ్ముల ద్వారానే పాకుతోందని చెప్పాను. ఆ పేరు వల్లే కొందరు తల్లులు పిల్లల జబ్బు దాచారని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఆ పేరు నా నోట రానివ్వలేదు.

తిరిగి వచ్చాక

ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి ఆమెను ఒంటరిగా పడుకోనివ్వకూడదని నా పట్టుదల. హెల్త్ సెంటర్‌లో ఉన్న రెండు మంచాలూ నిండి ఉన్నాయి. అప్పుడు ఆమె భర్తను పనిలో పెట్టాం.

ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి, గదిలో చిన్న లైటు ఉంచి, ఛాతీ కదలిక కనిపించేలా దుప్పటి నడుము దాకా దించాం. వీడియో కాల్‌లో ఆయనకు ఊపిరి లెక్కపెట్టడం నేర్పాను. పూర్తిగా ఒక నిమిషం చూడాలి, పావు నిమిషం చూసి నాలుగుతో గుణించకూడదు. 20 లోపు ఉంటే నిశ్చింత. 24 దాటితే నాకు ఫోన్. రెండు గంటలకోసారి నాకు వాట్సాప్‌లో అంకె పంపాలి. ఆ దేశానికీ మనకూ అరగంట తేడా. ఆయన మన టైమే రాసేవాడు, నేను తీసివేసుకునేవాణ్ని. 22, 20, 20, 18. రెండు రాత్రులు ఆయన నిద్రపోలేదు. మూడో రాత్రి పన్నెండేళ్ల కొడుకు, "నాన్న పడుకున్నాడు అంకుల్, ఇప్పుడు నేను చూస్తున్నా, 18" అని పంపాడు.

పగటి సంగతి ఇంటి యజమానురాలు చూసుకుంది. ఈమె చేప తినదని నర్సు చెప్పాక, మర్నాటి నుంచి అన్నం, నిమ్మకాయ, పప్పు వచ్చేవి. టీచరు ఆమెను 'దత్తా' అని పిలిచేది. వాళ్ల భాషలో అక్క.

బడికి వెళ్లడానికి నేను పెట్టిన షరతులు రెండు. జ్వరం మాత్ర లేకుండా జ్వరం తగ్గి 24 గంటలు దాటాలి. మెట్లెక్కినా ఆయాసం రాకూడదు. మొదటిది ఆసుపత్రిలోనే తీరింది, రెండోదానికి ఇంకో పన్నెండు రోజులు పట్టింది. అన్ని రోజులకూ జీతం వచ్చింది. కాంట్రాక్టు కూడా మళ్లీ ఇచ్చారు.

ఇంట్లోవాళ్లకు ముందుజాగ్రత్తగా ఒసెల్టామివిర్ ఎందుకివ్వలేదని ఒక తోటి డాక్టరు అడిగారు. వాళ్లిద్దరూ ఆరోగ్యవంతులు, మందు రెండే స్ట్రిప్పులు. ఆ రెండూ నెల తిరగకుండానే ఇద్దరు గర్భిణులకు అవసరమయ్యాయి. ఆ నిర్ణయం విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. నా సందేహమంతా బుధవారం నాటి నాలుగు నిమిషాల గురించే. ఆ తర్వాత మా ఓపీ చీటీ మీద జ్వరం, నాడి గడుల పక్కన నర్సు చేత్తో ఇంకో గడి గీసింది: రాత్రి తోడు ఎవరు. ఒంటరిగా ఉండే విదేశీయులెవరు వచ్చినా అది నింపకుండా చీటీ కదలనివ్వలేదు. ఆ గడి ఖాళీగా ఉంటే తోడు దొరికే దాకా ఇంటికి పంపలేదు.

జూన్‌లో ఒక రాత్రి టీచరు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. గుండె జారింది. గొంతు మాత్రం మామూలుగానే ఉంది. కేరళ టీచరుకు సాయంత్రం నుంచి జ్వరమట, మార్చిలో భయపడి ఇల్లు మారిన ఆవిడకే.

"మాస్కు కట్టుకుని ఆవిడ గదిలోనే కూర్చున్నాను డాక్టర్‌గారూ. పొద్దున్నే తీసుకొస్తాను. ఇప్పుడే ఒక నిమిషం లెక్కపెట్టాను, 18."